ఘాట్ రోడ్డులో బస్సు నడిపాను, ఇంటి ముందు రోడ్డు దాటలేకపోతున్నాను

నల్గొండ జిల్లాలోని ఒక పట్టణం నుంచి, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆయనకు 71 ఏళ్లు. 31 ఏళ్ల సర్వీసులో ఒక్క యాక్సిడెంట్ లేదు, డిపోలో రెండుసార్లు శాలువా కప్పారు. శ్రీశైలం ఘాట్‌లో జోరువానలో బస్సు నడిపిన రోజులున్నాయి. ఇప్పుడు భార్యతో సొంత ఇంట్లో ఉంటున్నారు. పెన్షన్ మూడు వేల చిల్లర, పై వాటా మీద అద్దె ఆరు వేలు. షుగర్ పదిహేనేళ్ల నుంచి, బీపీ ఎనిమిదేళ్ల నుంచి. కొడుకు, కూతురు ఇద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డారు.

దసరా వెళ్లిన వారానికి, రాత్రి రెండున్నర ప్రాంతంలో బాత్రూంలో పడిపోయారు. ఎముక విరగలేదు, కుడి తుంటి దగ్గర నల్లగా కమిలింది. కానీ లేవలేకపోయారు. నిద్రపోతున్న మనిషిని లేపడమెందుకని ఇరవై నిమిషాలు ఆ తడి నేల మీదే ఉన్నారు. చివరికి భార్యకు మెలకువ వచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, లేపడం ఆమె వల్ల కాలేదు. పై వాటాలో ఉండే కుర్రాణ్ణి పిలిచింది. "లుంగీ సరిగ్గా లేదు. ఆ పిల్లాడు మొహం అటు తిప్పుకుని నన్ను లేపాడు. ఆ నిమిషం ఇంకా కళ్ల ముందే ఉంది" అని రాశారు.

రోజూ పొద్దున్నే కిలోమీటరున్నర నడిచి బస్టాండు పక్కన టీ కొట్టుకు వెళ్లడం ఆయన అలవాటు. పాత స్టాఫంతా అక్కడ కలుస్తారు. పడిన నెలకి, అలా వెళుతూ మెయిన్ రోడ్డు మధ్యలో కాళ్లు కదలక ఆగిపోయారు. లారీ హారన్ కొట్టింది. బైకు మీది కుర్రాడొకడు "ముసలోడా, చావాలనుందా" అని అరిచి పోయాడు. ఆ రోజు నుంచి గేటు దాటలేదు. ఇంట్లో మాత్రం మోకాలి నొప్పి అని చెప్పారు. ఈలోపు టీ కొట్టు మిత్రుల్లో ఇద్దరు పోయారు, ఒకరి దినానికి కూడా వెళ్లలేదు. పగలంతా కుర్చీలో కూర్చుని టీవీ. నిద్ర పట్టక, పై వాటా కుర్రాడితో మెడికల్ షాపు నుంచి నిద్రగోలీలు తెప్పించుకుంటున్నారు, రెండు నెలలుగా. ఆయన బాత్రూంలోకి వెళితే భార్య తలుపు బయట నిలబడి "ఉన్నావా? పలుకు" అంటుంది. ఆమె మీద కసురుకుంటున్నారు.

కొడుకు, తొంభై దాటినా కాలేజీలో పాఠాలు చెబుతున్న ఒక ప్రొఫెసరమ్మ వీడియో పంపి "ఆమెను చూసి ధైర్యం తెచ్చుకో నాన్నా" అన్నాడు. ఇల్లు అమ్మేసి హైదరాబాద్ రమ్మంటున్నాడు. వాళ్లది మూడో అంతస్తు ఫ్లాట్.

ఆయన అడిగినవి: "నా ధైర్యం ఎటు పోయింది? ఇది మనసు జబ్బా, ఒంటి జబ్బా, ముసలితనమా? ఈ భయం సంగతి ఇంట్లో చెప్పాలా? హైదరాబాద్ పోవాలా వద్దా?"

డ్రైవర్ గారూ,

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. వేరే ఏదో చెబుతూ మధ్యలో "దసరాకు ముందు ఒంటేలు సమస్యకు డాక్టరు కొత్త గోలీ రాశాడు, రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నాడు" అని రాసి ముందుకెళ్లిపోయారు. మీరు పడింది దసరా వెళ్లిన వారానికి. ఈ రెండు తేదీలనూ మీరు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ప్రోస్టేట్ ఉబ్బితే ఇచ్చే మందుల్లో కొన్ని, టామ్సులోసిన్ లాంటివి, అక్కడి కండరాలను వదులు చేసి ఒంటేలు సాఫీగా వచ్చేట్టు చేస్తాయి. ఆ పనిలోనే రక్తనాళాలను కూడా కాస్త వదులు చేస్తాయి. పడుకున్న మనిషి దిగ్గున లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి జారుతుంది, పైకి ఎక్కడం ఆలస్యమవుతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. మీకు దానికి తోడు బీపీ గోలీ ఉంది. పదిహేనేళ్ల షుగర్ వల్ల నరాలు కూడా చురుగ్గా పనిచేయకపోవచ్చు. మీ మందుల చీటీ నేను చూడలేదు, పైగా నేను డాక్టర్‌ను కాను. మీకిచ్చింది ఆ గోలీయేనని, పడింది దానివల్లేనని అనడం లేదు. బండి ఒక పక్కకు లాగుతుంటే డ్రైవర్‌కు ధైర్యం తగ్గిందని ఎవరూ అనరు కదా, ముందు టైర్లలో గాలి చూస్తారు. ఇక్కడా అదే వరుస పాటిద్దాం.

ఈ పరీక్ష తేలిక. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకున్నాక బీపీ చూడాలి. లేచి నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. మన దగ్గర బీపీ ఎప్పుడూ కూర్చోబెట్టే చూస్తారు కాబట్టి ఇది బయటపడదు. మీరే అడిగి చేయించుకోండి, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ దవాఖానాలో కూడా చేస్తారు. అప్పుడు మీరు వాడే గోలీలన్నీ, ఆ నిద్రగోలీతో సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లి డాక్టరు బల్ల మీద పోయండి. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. ముఖ్యంగా నిద్రగోలీ రెండు నెలలుగా వాడుతున్నారు కాబట్టి ఒక్కసారిగా మానేస్తే ఇబ్బంది, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కానీ తగ్గించాల్సిందే. రాత్రి మూడుసార్లు లేచే మనిషికి నిద్రగోలీ మత్తు మంచిది కాదు. చీటీ లేకుండా ఆ గోలీ ఇచ్చిన షాపు మీద నాకు కోపంగానే ఉంది, అది వేరే సంగతి.

అదే రోజు ఇంకో రెండు మూడు పనులు పూర్తి చేసుకోండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గోలీ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గొచ్చు. అది తగ్గితే అరికాళ్లకు నేల సరిగ్గా తెలియదు, తూలినట్టుంటుంది. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. తెల్లవారుజామున షుగర్ మరీ కిందికి పడుతోందేమో కూడా చూపించుకోండి. ఇక కళ్లు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ కళ్ల పరీక్ష తప్పేది కాదు మీకు. దిగిపోయి పదమూడేళ్లయింది, మళ్లీ చూపించుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. శుక్లం ముదిరిన కంటికి వచ్చే బండి ఎంత దూరంలో ఉందో, ఎంత స్పీడులో ఉందో అంచనా అందదు. రోడ్డు మధ్యలో మీరు ఆగిపోవడంలో కళ్లకూ కొంత వాటా ఉండొచ్చు.

ఇంకొకటి. రోడ్డు మీద ఆ ఒక్కరోజు భయంతో ఆగిపోవడం వేరు. ఇంట్లో కూడా గుమ్మం దాటేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఉంటున్నా, చేయి వణుకుతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా నెమ్మదించినా నరాల డాక్టరుకు చూపించాలి. అలా ఉందని మీరు రాయలేదు. లేకపోతే మంచిదే.

భయం సంగతికి వద్దాం.

పడిన తర్వాత పట్టుకునే ఈ భయం మీ ఒక్కరి గుణం కాదు. 1982లోనే ఇంగ్లండులో డాక్టర్లు దీన్ని గమనించి పేరు పెట్టి మరీ రాశారు. పెద్దవయసులో ఒకసారి పడ్డవాళ్లు, ఎముక విరక్కపోయినా, గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, అడుగు తీసి అడుగు వేయడానికి తటపటాయిస్తారని. ఆ భయం చేసే పని చూడండి. మళ్లీ పడతానేమోనని నడక మానేస్తారు. నడక మానేస్తే తొడల్లో, పిక్కల్లో కండ కరుగుతుంది. కండ తగ్గాక నిజంగానే తూలుతారు. తూలినప్పుడల్లా "చూశావా, చెప్పానా" అంటుంది మనసు. ఒళ్లు బిగబట్టుకుని పాదాల వంకే చూస్తూ చిన్న చిన్న అడుగులు వేస్తే ఆ నడకే పడేస్తుంది. అందుకే మీ రెండో ప్రశ్నకు, మనసు జబ్బా ఒంటి జబ్బా అన్నదానికి, విడదీసి జవాబు చెప్పలేను. ఇప్పుడు మీలో ఆ రెండూ ఒకదాన్నొకటి తోస్తున్నాయి.

మంచి సంగతేమిటంటే అవి వెనక్కి కూడా తోసుకుంటాయి. ఏదో ఒక చివర పట్టుకుని మొదలుపెట్టాలి. మీకు ఒంటి వైపు నుంచి మొదలుపెట్టడం తేలిక అనిపిస్తోంది. "ధైర్యం తెచ్చుకో" అంటే ఎక్కణ్ణుంచి తేవాలో ఎవరికీ తెలియదు, కుర్చీలోంచి ఐదుసార్లు లే అంటే అందరికీ తెలుసు.

అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆసుపత్రిలో సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. తొంభై ఏళ్లకు! ఆ తర్వాత నాలుగు వారాలు మానేస్తే దాదాపు మూడో వంతు బలం పోయింది. ఈ రెండో మాట కూడా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మనవాళ్లు నొప్పి తగ్గగానే వ్యాయామం మానేస్తారు.

మీకు బరువులు అక్కర్లేదు, మీ ఒంటి బరువు చాలు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులున్న కర్ర కుర్చీ వీపు గోడకు ఆనించి పెట్టండి. అంచు దాకా ముందుకు జరిగి కూర్చోండి. పాదాలు రెండూ నేల మీద, మోకాళ్ల కంటే కాస్త వెనక్కి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవండి. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకోవచ్చు. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడొద్దు, లోపల నాలుగు లెక్కపెడుతూ దిగండి. గేరు వేసి ఘాట్ దిగినట్టు. తొడలకు అసలు పని అక్కడే పడుతుంది. పొద్దున ఐదుసార్లు, మధ్యాహ్నం ఐదు, సాయంత్రం ఐదు. వారానికి ఒకటి రెండు పెంచుకుంటూ పోవచ్చు. మొదలుపెట్టే ముందు గుండె సంగతి డాక్టరును అడగండి, మధ్యలో ఛాతీలో పట్టేసినట్టున్నా తల తిరిగినా ఆపేయండి.

కొలత కావాలంటే ఇదీ ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి, మీ ఆవిడ గడియారం చూస్తారు. మీ వయసు మగవాళ్లకు 12 కంటే తక్కువ వస్తే కాళ్లకు పని చెప్పాల్సిందేనని లెక్క. ఈ రోజు నాలుగే రావొచ్చు. క్యాలెండర్ మీద ఈ తేదీ గడిలో ఆ నాలుగు రాయండి. నెల తర్వాత ఏడు వస్తే, ఆ ఏడు చేసే పని ఎవరి ధైర్యవచనమూ చేయలేదు.

దీనికి వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి పది లెక్కపెట్టడం కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు నడకతో పాటు ఇలాంటి బ్యాలెన్స్ వ్యాయామాలు వారానికి కనీసం మూడు రోజులు చేయమంటుంది. తిండిలో పప్పు, గుడ్డు, పెరుగు పూటపూటా ఉండేలా చూసుకోండి. మీకు కిడ్నీ సమస్య లేదని తేలాకే ఎంతన్నది డాక్టరును అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి. మీ ఉత్తరం చదివితే మీరు పడటానికి భయపడుతున్నట్టు లేదు. పడి లేవలేకపోవడానికి భయపడుతున్నారు. తడి నేల, ఇరవై నిమిషాలు, మొహం తిప్పుకున్న కుర్రాడు. అయితే నేర్చుకోవాల్సింది కింద నుంచి లేవడం. దానికో పద్ధతి ఉంది, ఫిజియోథెరపిస్టు దగ్గర రెండు మూడు సార్లు కూర్చుంటే నేర్పుతారు. పడగానే కంగారుగా లేవబోకండి, దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకోండి. పక్కకు ఒత్తిగిలండి. మోచేయి ఆనించి, తర్వాత చేతులూ మోకాళ్ల మీదికి రండి. పసిపిల్లాడిలా పాకుతూ గట్టి కుర్చీ దాకో మంచం దాకో వెళ్లండి. రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమైన కాలి పాదం ముందు నేలకు ఆనించి, లేచి, అక్కడే తిరిగి కూర్చోండి. మొదటిసారి పట్టపగలు, బొంత పరుచుకుని, మనిషి పక్కనుండగా చేయండి. తుంటిలో పోటున్నా కాలు కదలకపోయినా మాత్రం కదలొద్దు, పిలవాలి. పిలవడానికి మొహమాటపడొద్దని చెప్పను, అది పోదు. మొహమాటం లేకుండా పిలిచే ఏర్పాటు చేసుకోండి. బాత్రూంలో కింది నుంచి చేయి అందే ఎత్తులో ఒక కాలింగ్ బెల్ స్విచ్చి పెట్టించండి. వైర్లెస్‌ది దొరుకుతుంది, బటన్ గోడకు అతికించేస్తే చాలు.

పెట్టిస్తూ పెట్టిస్తూ గోడకు డ్రిల్ చేసి స్టీలు రాడ్డు ఒకటి బిగించండి. టవల్ వేసుకునే రాడ్డు మనిషి బరువు ఆగదు. మంచం నుంచి బాత్రూం దాకా జీరో బల్బు వెలగాలి. లోపలి గడియ తీసేయండి. రాత్రి లేవగానే మంచం అంచున ఒక నిమిషం కూర్చుని పాదాలు పైకీ కిందికీ ఆడించి అప్పుడు లేవండి. మంచం పక్కన యూరిన్ పాట్ పెట్టుకోవడానికి మీరు ఒప్పుకోరని తెలుసు. అయినా చెబుతున్నాను.

మీ ఉత్తరంలో ఇంకో లెక్క చూశాను. బైకు కుర్రాడి తిట్టుకు అర పేజీ ఇచ్చారు. ఇద్దరు మిత్రుల చావుకు రెండు లైన్లు. ఆ రెండు లైన్లలోనే ఉంది, ఒకాయన మీతో పందొమ్మిదేళ్లు ఒకే బస్సులో కండక్టర్‌గా చేశారని. పందొమ్మిదేళ్లు వెనక నుంచి 'రైట్ రైట్' అన్న గొంతు పోతే మనిషి కుదేలవ్వడా? ఆ దినానికి వెళ్లలేకపోయాననే బాధ, రోడ్డు భయం, మత్తుగోలీ కలిసిపోయి మీకు "ధైర్యం పోయింది" అనే ఒక్క మాటగా కనబడుతున్నాయి. కొంత భాగం దుఃఖం. దానికి కుర్చీ వ్యాయామం మందు కాదు. ఆయన ఇంటికి వెళ్లండి, ఆటోలో వెళ్లండి. దినం దాటిపోయినా వెళ్లొచ్చు. ఆయన భార్యతో ఒక గంట కూర్చుని రండి. ఆయన గురించి ఆమెకు తెలియని కబుర్లు మీ దగ్గర చాలానే ఉండి ఉంటాయి.

అయితే దుఃఖం దాటి డిప్రెషన్‌లోకి జారే మనుషులూ ఉంటారు. మన పెద్దవాళ్లు బాధగా ఉందని చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, నోరు బాగాలేదంటారు, ఊరికే కసురుకుంటారు. రెండు వారాలకు పైగా రోజూ ఇలాగే ఉంటే, ఇష్టమైనదేదీ ఇష్టం అనిపించకపోతే, "ఇక ఎందుకు" అనే ఆలోచన వస్తుంటే ఆగొద్దు. మనసు డాక్టరును కలవండి. ఈ వయసులో కూడా అది తగ్గే జబ్బే. ఊళ్లో ఎవరైనా చూస్తారని సంకోచమైతే టెలి మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిది, ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. "ఆ కుర్రాడన్నట్టు చావాలనే ఉందేమో నాకు" అని మీరు ఒకచోట రాసి కొట్టేశారు. కొట్టేసినా కనబడుతోంది. అది మాటవరసకు రాసిందే కావొచ్చు, అయినా ఆ ఒక్కదాని కోసమైనా ఈ వారమే ఎవరితోనైనా మాట్లాడండి.

ఇంట్లో చెప్పాలా అన్నారు. చెప్పకపోతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నారు. మోకాలు నొప్పి అన్నారు కాబట్టి మీ ఆవిడ రోజూ నూనె కాచి మోకాలికి రాస్తున్నారు, మీరు రాయించుకుంటున్నారు. ఆమెకు తెలియనిదల్లా మీరు ఎందుకు బయటికి పోవడం లేదన్నదే. అందుకే తలుపు దగ్గర కాపలా. ఆమె భయం కూడా మీ భయమే, ఆమెది పైకి వినబడుతోంది అంతే. అంతా ఒక్కరోజు చెప్పక్కర్లేదు. "మోకాలు కాదు, రోడ్డు దాటాలంటే భయమేస్తోంది" అని ఒక్క వాక్యం ఆమెకు చెప్పండి. పిల్లలకు తర్వాత. ముందు పిల్లలకు తెలిసి తర్వాత ఆమెకు తెలిస్తే మాత్రం నొచ్చుకుంటారు. తలుపు సంగతిలో ఒక ఒప్పందానికి రండి. బెల్ పెట్టాక ఆమె తలుపు దగ్గర నిలబడరు, మీరు పది నిమిషాలు దాటితే మీరే పలుకుతారు.

చెప్పకుండా ఉండటం కూడా మీ ఇష్టమే. కానీ అప్పుడు హైదరాబాద్ సంగతి మీ కొడుకు అరకొర వివరాలతో తేలుస్తాడు. అతనికి తెలిసింది నాన్న ఒకసారి పడ్డాడు, గేటు దాటడం లేదు అని మాత్రమే. అంతవరకే తెలిసిన ఏ కొడుకైనా ఇల్లు అమ్మి రమ్మనే అంటాడు.

హైదరాబాద్ వెళితే మంచి డాక్టర్లు దగ్గర, పిల్లలు దగ్గర, మీ ఆవిడకు కాస్త విశ్రాంతి. అది చిన్న విషయం కాదు. కానీ ఈ స్థితిలో వెళితే ఇక్కడి కుర్చీ అక్కడి బాల్కనీలోకి మారుతుంది. ఇక్కడ గేటు బయట మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లున్నారు, అక్కడ లిఫ్టు దిగితే వాచ్‌మన్ ఒక్కడే. నడిచి వెళ్లడానికి ఒక టీ కొట్టు, కూర్చోబెట్టి కబుర్లాడే మనిషి లేనిచోట, డాక్టర్ ఎంత దగ్గరున్నా కాళ్లు కదలవు. ఇక్కడే ఉంటే ఆ మనుషులు ఉంటారు, కానీ రాత్రి రెండింటికి మళ్లీ పడితే లేపడానికి పై వాటా కుర్రాడే దిక్కు. అతను ఖాళీ చేస్తే అదీ లేదు. పై వాటా ఎవరికివ్వాలన్నది ఇకనుంచి అద్దె లెక్క ఒక్కటే చూసి తేల్చే విషయం కాదు.

నేనైతే రెంటికీ మధ్య దారి ఆలోచిస్తాను. పైన చెప్పిన పరీక్షలు, గోలీల సర్దుబాటు అయ్యి, కుర్చీ లెక్క కొంచెం పెరిగాక, ఎండాకాలం రెండు నెలలు హైదరాబాద్‌లో ఉండి రండి. ఎలాగూ నల్గొండ ఎండలు మీ ఆవిడకు పడవని రాశారు. ఇంటికి తాళం వేసి వెళ్లండి, ఖాళీ చేసి కాదు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో ఇద్దరూ చూసుకుంటారు. కోడలూ చూసుకుంటుంది, ఆమె మాట కూడా ముఖ్యం. తిరిగొచ్చాక మాట్లాడుకోవచ్చు. ఈలోపు రెండోసారి పడినా, మీ ఆవిడ మంచాన పడినా అప్పుడు ఇంత తీరిగ్గా ఆలోచించే వీలుండదు, వెళ్లిపోవడమే.

ఇల్లు అమ్మకం మాత్రం వేరే విషయం. వెళ్లడానికి, అమ్మడానికి ముడి పెట్టొద్దు. వెళ్లి తిరిగి రావొచ్చు, అమ్మినది తిరిగి రాదు. మూడు వేల పెన్షన్ మనిషికి ఆరు వేల అద్దె అంటే పెద్ద ఆసరా. ఒకవేళ పిల్లల పేరున రాసివ్వాలనుకుంటే, మిమ్మల్ని చూసుకోవాలనే షరతు కాగితం మీదే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఆ షరతు తప్పితే బదిలీ రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడిగే హక్కు ఇస్తుంది. మీ అబ్బాయి మీద అనుమానంతో కాదు, అప్పు పత్రం అన్నదమ్ముల మధ్య కూడా రాసుకుంటాం కదా. మీ ఆవిడను ఎవరైనా అడిగారా అన్నది ఉత్తరంలో లేదు. "మీ ఇష్టం అంటుంది" అని మాత్రం ఉంది. మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఆ మాట అన్నప్పుడు ఇంకోసారి అడగాలి.

70 దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది. కార్డు తీసుకుని ఉంచండి. ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, రోజువారీ గోలీలకు కాదు.

చివరిగా ఆ వీడియో. అందులో ఉన్నది చిలుకూరి శాంతమ్మ గారే అయ్యుంటారు. 1989లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రిటైరై, తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి యూనివర్సిటీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పినావిడ. అలాంటి వీడియోలు పెద్దవాళ్లకు పంపడం నాకంత నచ్చదు. చూసినవాళ్లకు ఉత్సాహం కంటే చిన్నతనమే ఎక్కువ మిగులుతుంది, మీకూ అదే మిగిలింది. కానీ ఆ వీడియో ఇంకోసారి పెట్టి, ఆవిడ వయసు వదిలేసి చేతులు చూడండి. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, రెండు చేతికర్రల మీద నడుస్తున్నారు. ఆవిడ కర్ర పట్టుకోను అని భీష్మించుకుని ఉంటే ఆ క్లాసు జరిగేది కాదు. మీ అబ్బాయికి కనబడింది ధైర్యం, నాకు కనబడింది కర్రలు.

మా నాన్న కర్ర కొన్నాక మూడు నెలలు బీరువా వెనక దాచాడు. మీరు ఎన్నాళ్లు దాస్తారో దాచుకోండి గానీ కొనండి. టీ కొట్టుకు మొదట ఆటోలో వెళ్లండి, నడక రోడ్డుకు ఇవతలే, మీ వీధిలోనే చేయండి. రోడ్డు దాటడం ఒక ఆదివారం పొద్దున ఆరింటికి, బళ్లు లేనప్పుడు, మీ ఆవిడతోనో కూతురితోనో. మొదట సగం వరకు, డివైడర్ దాకా.

కర్ర ఎత్తు కొలిచే తీసుకోవాలి. చెప్పులేసుకుని, చేతులు వదులుగా వేలాడేసి నిలబడితే పిడి సరిగ్గా మణికట్టు మడత దగ్గరికి రావాలి. మీకు దెబ్బ తగిలింది కుడి తుంటికి కాబట్టి కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి, చాలామంది తిరగేసి పట్టుకుంటారు. కింద రబ్బరు బుష్ ఉంటుంది, దాని మీద గీతలు అరిగిపోగానే మార్చేయాలి. అరిగిన టైరు సంగతి మీకు నేను చెప్పాలా.